అన్ని గోలీలూ గిట్లనేనా?

ఏ వస్తువునైనా నూరి చూడందే విశ్వనాథానికి నమ్మకం కుదరదు. ఆయన ఉద్యోగం అటువంటిది. ఉప్పల్ రోడ్డులోని ప్రభుత్వ ప్రయోగశాలకు దేశం నలుమూలల నుంచీ గోనెసంచుల్లో రాళ్లు వస్తాయి. వాటిని నూరి, యాసిడ్‌లో కరిగించి, ఏ రాతిలో ఏ లోహం ఎంతుందో తేల్చడం ఆయన పని. బరకగా ఉన్న రాయి ఎంత యాసిడ్ పోసినా లొంగదనీ, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా చేస్తేనే దారికొస్తుందనీ కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పి ఊరుకునేవాడా, నూరిన పొడిని వేళ్ల మధ్య రాసి చూపించేవాడు కూడా. ఇంట్లో శారద కాఫీ గింజలు కాస్త గరుకుగా విసిరితే ఆ పొడికీ అదే పరీక్ష.

"రాళ్లతో కాపురం చేసే మనిషికి కాఫీ ఎలా పెట్టినా ఒకటే" అని శారద విసుక్కునేది.

తెనాలి వైపు నుంచి వచ్చిన ఆ దంపతులు నాచారంలో ఆగయ్య ఇంట్లో ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. అప్పటికి నాచారం చేలల్లో ఫ్యాక్టరీల షెడ్లు లేస్తున్నాయి. జొన్న వేసే నేలలో సిమెంటు స్తంభాలు మొలుస్తున్నాయి. ఆగయ్య మాత్రం మల్లాపురం దారిలో ఉన్న తన ద్రాక్షతోటను, ఆయన మాటలో అంగూరు తోటను, ఎవరెంత ఆశపెట్టినా అమ్మనని కూర్చున్నాడు. పొడుగాటి మనిషి, మాట కటువు, మనసు మెత్తన. ఏటా మొదటి గుత్తి తెంపగానే దేవుడి పటం దగ్గర కాసేపు పెట్టి, తరువాత శారద చేతికిచ్చేవాడు. విశ్వనాథాన్ని "సైన్సు సారు" అని పిలిచేవాడు. ఆ పేరు నాచారం అంతా పాకింది. విశ్వనాథానికి అది లోలోపల తీపిగానే ఉండేది.

ఆ ఏడు ఆగయ్యకు కడుపులో మంట మొదలైంది. ఖాళీ కడుపున రొమ్ము కింద ఎవరో నిప్పు పెట్టినట్టుండేది. తింటే తగ్గేది, అరగ్గానే మళ్లీ లేచేది. కొన్నాళ్లు తినే సోడా నీళ్లలో కలుపుకుని తాగాడు. చివరికి ఉప్పల్‌లో పరంధామయ్య డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన తెల్లటి మందు సీసా ఒకటి ఇచ్చాడు. మందు ముగిసినా మంట ముగియలేదు. ఒకరోజు విశ్వనాథం చూస్తుండగానే ఆగయ్య ఆ సీసాను పెరట్లో మందారం మొదట్లో బోర్లించి, అడుగున సున్నంలా పేరుకుపోయిన ముద్దను చీపురు పుల్లతో గీకి పారేశాడు.

"అయ్యో, అదేం పని ఆగయ్యగారూ! మందంతా అక్కడే ఉంది. సీసాను బాగా కదిపి తాగాలి. మీరిన్నాళ్లూ పైన తేలిన నీళ్లు తాగారు."

ఆగయ్య సీసా వంక, మందారం వంక చూసి, "అయితె గీ చెట్టుకు కడుపు నొప్పి రాదిగ" అన్నాడు. సక్కుబాయి వంటింట్లోంచి పకపకా నవ్వింది. ఆగయ్య భార్య సక్కుబాయి నవ్వు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

గాజు సీసాను తోటకు మోసుకుపోవడం కుదరదంటే, పరంధామయ్య ఆ మందునే తెల్లటి బిళ్లలుగా ఇచ్చాడు. అన్నం తిన్న గంటకు, బాగా నమిలి మింగాలన్నాడు. ఆగయ్యకు దవడ పళ్లు ఎప్పుడో ఊడిపోయాయి. డాక్టరుకు ఆ మాట చెప్పడానికి మొహమాటపడి, ఇంటికొచ్చి బిళ్లను బిళ్లగానే నీళ్లతో మింగడం మొదలుపెట్టాడు. మంట అలాగే ఉంది. ఆ సంగతి తెలిసి విశ్వనాథానికి చేతులు దురదపెట్టాయి. నూరవలసిన వస్తువు ఒకటి తన ఇంటి ముందే నూరకుండా వృథా అయిపోతోంది మరి.

ఆదివారం పొద్దున అరుగు మీద దుకాణం పెట్టాడు. రెండు గాజు గ్లాసులు, ప్రయోగశాల నుంచి చిన్న సీసాలో తెచ్చిన పలుచటి యాసిడ్, ఒక రంగు మందు. ఎదురుగా ఆగయ్య, సక్కుబాయి, ఆగయ్య అక్క ఉప్పలమ్మ, గోడకు ఆనుకుని శారద. దారిన పోతున్న సిద్దయ్య కూడా ఆగాడు. సిద్దయ్యది పక్క తోట.

"ఇది మీ కడుపులో ఊరే యాసిడ్ అనుకోండి" అంటూ రెండు గ్లాసుల్లోనూ పోసి రంగు చుక్కలు వేశాడు. రెండూ ఎర్రబడ్డాయి. ఒక గ్లాసులో బిళ్లను అలాగే వేశాడు. ఇంకో బిళ్లను సక్కుబాయి కల్వంలో మెత్తగా నూరి రెండో గ్లాసులో వేసి పుల్లతో కలిపాడు. నూరి వేసిన గ్లాసులో ఎరుపు విరిగి, చూస్తూ ఉండగానే పసుపుపచ్చగా మారింది. మొదటి గ్లాసులో బిళ్ల అడుగున చిన్న రాయిలా కూర్చుని ఉంది. ఎరుపు ఎరుపుగానే ఉంది.

"చూశారా! మింగితే ఇది. నూరితే అది."

"అవ్వల్లా!" అని ఉప్పలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. సిద్దయ్య గ్లాసును ఎత్తి ఎండలో తిప్పి చూశాడు.

సక్కుబాయి మాత్రం కల్వం వంకే చూస్తోంది. "అన్ని గోలీలూ గిట్లనేనా సారూ?" అని అడిగింది.

చక్కని ప్రశ్న. అంతమందిలో ఆమెకు ఒక్కదానికే తట్టింది. సైన్సు సారు ఆ ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఆయన చూపు పచ్చబడిన గ్లాసు మీద ఉంది, చెవులు సిద్దయ్య మెచ్చుకోలు మీద ఉన్నాయి.

"మాత్ర అంటే మాత్రేనమ్మా. ఏదైనా నూరితేనే పని చేసేది" అన్నాడు.

ఆ పూట నుంచీ సక్కుబాయి మొగుడి మందును తన చేతిలోకి తీసుకుంది. అన్నం తిన్న గంటకు కల్వంలో బిళ్ల నూరి, పలుచటి మజ్జిగలో కలిపి, ఆగయ్య ఎక్కడుంటే అక్కడికి తీసుకుపోయేది. తోటలో ఉంటే తోటకు నడిచేది. మంట నిజంగానే తగ్గింది. ఆగయ్య మొహం తేటబడింది. పేటలో ఎవరికి జ్వరం వచ్చినా, తలనొప్పి వచ్చినా, "నూరి ఎయ్యున్రి, సైన్సు సారు గిలాసల సూపిచ్చిండు" అని సక్కుబాయి సలహా ఇచ్చేది. అది విన్నప్పుడల్లా విశ్వనాథం సంతోషించాడు. సంతోషించాడనే చెప్పాలి. దాచి లాభం లేదు.

ఎండాకాలం కోతలు అయిపోయాయి. తీగలు కత్తిరించాక కొత్త చిగుళ్లు వచ్చాయి. వాటిని పందిరికి కట్టేటప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేతులు తలపైకి ఎత్తే ఉంచాలి. ఆగయ్య వయసుకు అది భుజాలు పీకేసే పని. నొప్పుల మాట అప్పుడప్పుడు విశ్వనాథం చెవిన పడేది. వయసు పైబడుతోంది కదా అనుకున్నాడు.

తొలకరి పడిన వారంలో ఒక శనివారం. సెలవు రోజు కావడంతో విశ్వనాథం ఇంట్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం వీధిలో కేకలు వినిపించి బయటికి వస్తే, సిద్దయ్య, ఇంకో మనిషి కలిసి ఆగయ్యను నులకమంచం మీద మోసుకొస్తున్నారు. పందిరి కింద కళ్లు తిరిగి పడిపోయాడట. పడ్డాక వాంతి చేసుకున్నాడట. అది కాఫీ పొడి కలిపిన నీళ్లలా నల్లగా ఉందని సిద్దయ్య చెప్పాడు. ఆగయ్య మొహంలో రక్తపు చుక్క లేదు. అరచేతులు చల్లగా ఉన్నాయి. ఎదురుగా కొత్త షెడ్డుకు ఇటుకలు దింపిన లారీ తిరుగు ప్రయాణంలో ఉంటే విశ్వనాథం అడ్డంగా నిలబడి ఆపాడు. ఇటుక పొడిలో మంచం పెట్టి, మంచం పక్కన సక్కుబాయి, విశ్వనాథం కూర్చుని సికింద్రాబాదు పెద్ద దవాఖానాకు వెళ్లారు. దారిపొడుగునా సక్కుబాయి మొగుడి పాదాలు రాస్తూనే ఉంది.

దవాఖానాలో ఛాయాదేవి అనే డాక్టరమ్మ చూసింది. పొట్టలో పుండు పడిందని, అది చిట్లి లోపల రక్తం కారుతోందని చెప్పింది. చకచకా ఏవో పురమాయించి, సక్కుబాయి వైపు తిరిగింది.

"విరేచనం నల్లగా అవుతోందని ఎప్పుడైనా చెప్పాడా?"

"చెప్పిండమ్మా. తారు లెక్క అయితున్నదన్నడు. నేరేడు పండ్లు తిన్నడు, గందుకే అనుకున్నం."

"మందులేమైనా వాడుతున్నాడా?"

సక్కుబాయి కొంగు ముడి విప్పింది. అందులో తెల్ల బిళ్లలున్నాయి. వాటి పక్కన, విశ్వనాథం అంతకు ముందెప్పుడూ చూడనివి, ఎర్రగా నిగనిగలాడే మాత్రలున్నాయి.

"గివి కడుపు మంటకు, ఉప్పల్ డాక్టరిచ్చిండు. గివి భుజాల నొప్పులకు, తార్నాకల ఇంకో డాక్టరిచ్చిండు."

"ఈయన సంగతి ఆయనకు చెప్పారా? ఆయన సంగతి ఈయనకు?"

"ఎందుకు జెప్తమమ్మా? నొప్పి వేరు, మంట వేరు గద."

డాక్టరమ్మ ఎర్ర మాత్రను వేళ్లతో పట్టుకుంది. "ఇది ఎలా ఇచ్చావు?"

"రెండూ కలిపి మెత్తగ నూరి, మజ్జిగల ఇచ్చిన."

విశ్వనాథం ఆ ఎర్ర మాత్ర వంకే చూశాడు. రోజూ యాసిడ్‌తో పని చేసేవాడు గనుక, డాక్టరమ్మ చెప్పబోయేది ఆమె నోరు తెరవక ముందే ఆయనకు తెలిసిపోయింది. ఆ ఎర్ర పూత అందం కోసం వేసింది కాదు. యాసిడ్‌లో కరగకుండా, పొట్ట దాటి పేగులోకి వెళ్లాకే విడిపోయేలా వేసింది. లోపలి మందు పొట్టను తినేస్తుంది గనుక దాని మీద ఆ తొడుగు. కడుపులో పుండున్న మనిషికి అసలు ఇవ్వకూడని మందు అది. ఆ ఉన్న ఒక్క తొడుగునూ నూరి తీసేసి, తిన్నగా పుండు మీదే పోశారు.

డాక్టరమ్మ అదే చెప్పింది. "నూరకపోయినా ఈ రెండూ కలిపి ఇవ్వకూడదు. తెల్ల మందు తగిలితే ఈ పూత పొట్టలోనే విడిపోతుంది. తెల్ల మందుకీ ఇంకే మందుకైనా మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. ఇంతకీ నూరమని నీకెవరు చెప్పారు?"

సక్కుబాయి ఒక్కసారి విశ్వనాథం వంక చూసింది. నిండా ఒక్క క్షణం కూడా లేదు ఆ చూపు.

"ఎవ్వరు జెప్పలే. నేనే నూరిన" అంది.

"మొగుణ్ని చేతులారా చంపుకునేదానివి తల్లీ" అంది డాక్టరమ్మ. కోపంతో కాదు, అలసటతో అంది.

విశ్వనాథం నోరు తెరిచాడు. గొంతులో మాట ఉంది. కానీ అంతలోనే నర్సు ఏదో అడిగింది, అంతలోనే రక్తం కావాలన్నారు, ఆయన చొక్కా చెయ్యి మడుచుకుంటూ ముందుకు నడిచాడు. రక్తం ఇస్తే ఆ మాట చెప్పనక్కర్లేదన్నట్టు నడిచాడు. అదృష్టమో దురదృష్టమో ఆయన రక్తం సరిపోయింది.

ఆగయ్య బతికాడు. దవాఖానా నుంచి ఇంటికి వచ్చేసరికి నాచారంలో రెండు మాటలు స్థిరపడ్డాయి. సైన్సు సారు లారీని ఆపి, తన నెత్తురిచ్చి ఆగయ్యను బతికించాడన్నది ఒకటి. సక్కుబాయి గోలీలు నూరి పోసి మొగుణ్ని చంపబోయిందన్నది రెండోది. మొదటి మాట అన్నప్పుడల్లా జనం వెంటనే రెండోది అనేవాళ్లు.

ఉప్పలమ్మ తమ్ముడి ఇంటికి వచ్చి మకాం వేసింది. "నీ చేతి కూడు నా తమ్మునికి వద్దు" అని వంటింట్లో సగం తన కిందికి తెచ్చుకుంది. సక్కుబాయి ఏదైనా తెచ్చినా గడప దగ్గర పెట్టి తప్పుకోవాలి. ఉప్పలమ్మ తీసి, ముందు తాను రుచి చూసి, తమ్ముడికి ఇచ్చేది. ఆగయ్య అడ్డు చెప్పలేదు. అన్నిటికన్నా ఘోరం అదే. పలకరించడానికి వచ్చిన వాళ్లతో, "అంగూరు తెగుళ్లకు నేను మందు గొట్టిన, నాకు మా ఇంటిది గొట్టింది" అని నవ్వేవాడు. ఆ నవ్వు గోడ అవతల విశ్వనాథం పళ్లెంలోకి వచ్చి పడేది. ముద్ద దిగేది కాదు.

తాను చెప్పింది తెల్ల బిళ్ల గురించే కదా అని ఆయన తనలో తాను వాదించుకున్నాడు. ఎర్ర మాత్రలున్నాయని తనతో ఎవరన్నారు? ఆగయ్య రెండో డాక్టరు దగ్గరికి తనను అడిగి వెళ్లాడా? అరుగు మీది గ్లాసుల మాట ఎత్తితే, ప్రయోగశాల యాసిడ్ ఇంటికెలా వచ్చిందని పైవాళ్లు అడగరా? వాదన బాగానే నిలబడేది. కానీ ప్రతిసారీ చివరికి సక్కుబాయి గొంతు వినిపించేది. అన్ని గోలీలూ గిట్లనేనా సారూ? అక్కడికి వచ్చేసరికి వాదన కూలిపోయేది.

సక్కుబాయి నవ్వు వీధిలో వినిపించడం మానేసింది. కల్వం పెరట్లో గోడవారగా బోర్లా పడి ఉంది, దాని మీద నాచు పడుతోంది. ఇల్లంతా నూరడమనే మాటకే భయపడింది. దవాఖానాలో సీసా మందు లేదని మళ్లీ తెల్ల బిళ్లలే ఇచ్చారు. వీటిని మాత్రం నూరుకోవచ్చనీ, పళ్లు లేని మనిషి గనుక నూరే ఇవ్వాలనీ ఛాయాదేవి డాక్టరమ్మ విశ్వనాథానికే చెప్పి పంపింది. ఆయన ఆ మాటను ఉప్పలమ్మ దగ్గర గొణిగినట్టు అన్నాడు. ఉప్పలమ్మ చేతులు జోడించింది. "వద్దు సారూ, నూరుడు పేరెత్తకు" అని బిళ్లను బిళ్లగానే తమ్ముడితో మింగించింది. ఆగయ్యకు మళ్లీ మంట మొదలైంది. విశ్వనాథం అరుగు మీద కూర్చుని, మంచం మీద ఆ మనిషి కడుపు పట్టుకుని ముడుచుకోవడం చూశాడు. పుండు మళ్లీ చిట్లితే ఈసారి లారీ దొరుకుతుందో లేదో.

ఆ సాయంత్రం శారదకు అంతా చెప్పేశాడు. శారద చేటలో బియ్యం ఏరుతూ విన్నది. వంచిన తల ఎత్తలేదు.

"ఆ రోజు అరుగు మీద నేనూ ఉన్నానండీ. ఆవిడ అడగడం, మీరు చెప్పడం రెండూ విన్నాను. ఇన్నాళ్లూ మీరే చెప్తారని చూస్తున్నాను" అంది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

మర్నాడు పొద్దున్నే విశ్వనాథం పెరట్లోకి వెళ్లాడు. సక్కుబాయి బట్టలు ఉతుకుతోంది. ఆయన బండకు కాస్త దూరంగా నిలబడి, "అమ్మా, తప్పు నీది కాదు. నాది. ఆ రోజు నువ్వడిగితే అన్నీ నూరాలని నేనే చెప్పాను" అన్నాడు.

సక్కుబాయి చీరను బండకేసి కొట్టడం ఆపలేదు.

"నాకు ఎర్కలేదా సారూ? నువ్వు జెప్పింది నేను మర్శిపోతనా?"

"మరి దవాఖానాలో నా పేరెందుకు చెప్పలేదు?"

ఆమె చీర పిండి భుజాన వేసుకుని, అప్పుడు ఆయన మొహం వంక చూసింది. "నీ పేరు జెప్తే శరమై నువ్వు ఎల్లిపోతవేమో అని భయమైంది. డాక్టర్లతోని మాట్లాడెటోళ్లు మాకెవ్వరున్నరు? ఆయన పానం నీ మాట మీద ఉండె ఆ యాల్ల. గందుకే నా మీదేసుకున్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయన నిమ్మలమైనంక నువ్వే జెప్తవనుకున్న. ఇంటికొచ్చె. మంచం మీద కూసుండె. ఊరంతొచ్చి సూసిపాయె. నువ్వు జెప్పలే."

సక్కుబాయి ఇంకో బట్ట తీసి బండ మీద వేసింది.

"గిప్పుడు నాతోని జెప్తే ఏమొస్తది సారూ? నాకెర్కున్న ముచ్చటనే నాకు జెప్పబడ్తివి. ఆయనకు జెప్పు. నా చేతి బువ్వ తినడాయన. నువ్వు సూస్తలేవా?"

సాయంత్రం ఆగయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఉప్పలమ్మ గంట క్రితం పెట్టిన జావ గిన్నె ఇంకా మంచం కిందే ఉంది. సిద్దయ్య వచ్చాడు. ఆయనతో పాటు పక్క వీధి నుంచి మేనమామ వరస వాళ్లెవరో వచ్చారు. మామూలు మాటే మళ్లీ మొదలైంది. "అంగూరుకు నేను గొట్టిన, నాకు మా ఇంటిది..." అని ఆగయ్య అందుకున్నాడు.

"ఆవిడ కాదు, నేను."

విశ్వనాథం గొంతు తనకే కొత్తగా వినిపించింది. అందరూ తిరిగారు. ఆయన అరుగు దిగి వాకిలి మధ్యకు వచ్చి నిలబడ్డాడు.

"మీకు నూరి ఇచ్చింది సక్కుబాయమ్మ చెయ్యి. నూరమన్న మాట నాది. ఈ అరుగు మీదే అన్ని మాత్రలూ ఇలాగేనా అని ఆవిడ అడిగింది. అన్నీ అని నేను చెప్పాను. నాకు మందుల గురించి ఏమీ తెలియదు, రాళ్ల గురించి తెలుసు. తెలియదని చెప్పడానికి నామోషీ వేసింది. సిద్దయ్యగారూ, మీరూ విన్నారు ఆ రోజు."

సిద్దయ్య తల గోక్కున్నాడు. "అవును, అన్నడు" అన్నాడు మెల్లగా. "నాకు యాదికే రాలే."

"మరి దవాఖానాల ఎందుకు జెప్పలేదు సారూ?" అన్నాడు ఆగయ్య.

"భయపడ్డాను."

"నెత్తురిస్తివి గద నాకు."

"నోరు విప్పడం కంటే అది తేలికైంది."

ఉప్పలమ్మ లేచింది. "మా ఇంట్లనే ఉండుకుంట, మా తమ్ముణ్ని..." అని గట్టిగా మొదలుపెట్టింది. ఆగయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఊకో అక్కా. ఆమె నా పెండ్లామని నాకు యాదికుండద్దా? నాకే లేకపాయె, ఇంకొకల్లననుడెందుకు?" లోపలికి తిరిగి పిలిచాడు. "సక్కుబాయ్. గోలి పట్కరా."

సక్కుబాయి ఒక చేతిలో తెల్ల బిళ్ల, ఇంకో చేతిలో మజ్జిగ గిన్నె పట్టుకుని వచ్చింది. గిన్నెను గడప దగ్గరే, రోజూ పెట్టే చోటే పెట్టి దూరంగా జరిగింది. ఇప్పుడామెను ఎవరూ జరగమనలేదు. ఆగయ్య అది చూశాడు. మంచం మీద నుంచి దిగి, గోడ పట్టుకుంటూ గడప దాకా నడిచి, గిన్నె పక్కన కింద కూర్చుని ఆమె ముందు చెయ్యి చాపాడు.

ఆమె బిళ్లను ఆ చేతిలో పెట్టలేదు. విశ్వనాథం వైపు తిరిగింది.

"సారూ, గిది మింగేదా, నమిలేదా, నూరేదా? అందరు ఇనేటట్టు గట్టిగ జెప్పు. ఆయన ఇనాలె."

వాకిట్లో అందరి కళ్లూ ఆయన మీద ఉన్నాయి. వెనక అరుగు మీద శారద నిలబడి ఉంది.

"అది తెల్లది. పళ్లు లేనివాళ్లు నూరుకోవచ్చని దవాఖానా డాక్టరమ్మ చెప్పింది, నేను కాదు. అదొక్కటే. ఇంకే మాత్ర అయినా, ఇచ్చిన డాక్టర్ని అడగందే నూరకూడదు" అన్నాడు విశ్వనాథం. ఆగి, గొంతు పెంచి అన్నాడు, "నేను చెప్పినా సరే."

సక్కుబాయి తల ఊపి పెరట్లోకి వెళ్లింది. బోర్లా పడి ఉన్న కల్వాన్ని తిరగేసి, నీళ్లు పోసి నాచు కడిగిన చప్పుడు వినిపించింది. తరువాత నూరుతున్న చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు ఆగేదాకా ఆగయ్య చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.